బెత్తెడు దూరం

మా మనవరాలు టెక్సాస్‌లో పుట్టింది. అక్కడి తెలుగు బడిలో ఇప్పుడిప్పుడే ఒత్తులు నేర్చుకుంటోంది. పోయిన దసరాకి వీడియో కాల్‌లో "తాతా, పోతన పద్యం పాడవా?" అంది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పిన గొంతు నాది, అడిగితే ఆగుతుందా? గజేంద్రమోక్షంలోంచి ఒక పద్యం ఎత్తుకుని, మోహనలో నడిపించి, చివరి పాదం దగ్గర కళ్లు మూసుకుని కాస్త సాగదీశాను. కళ్లు తెరిచేసరికి పిల్ల బిక్కమొహం వేసుకుని చూస్తోంది.

"తాతా, మధ్యలో మాయమైపోయావు."

అసలు సంగతి తర్వాత మా అబ్బాయి చెప్పాడు. ఈ కాల్ యాప్‌లకు మాట తెలుసుగానీ రాగం తెలియదట. ఒకే తీరుగా సాగే చప్పుడు ఏదైనా వాటి లెక్కలో ఫ్యాను హోరో, ఏసీ రొదో. వెంటనే ఊడ్చేస్తాయి. ఆ ఊడుపులో నా ఆలాపన కూడా పోయిందన్నమాట. "రికార్డు చేసి పంపండి నాన్నా, మంచి మైకు ఒకటి కొనుక్కోండి" అన్నాడు. పదివేలు దాటకూడదని నాకు నేనే గీత గీసుకున్నాను. గీత దాటితే ఏమవుతుందో రామాయణం చెప్పింది. గీత లోపలే ఇంత అడవి ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదట ఆన్‌లైన్‌లో వెతికాను. వెయ్యి రూపాయలకే మైకు, దానికో స్టాండు, నురుగు టోపీ, గుప్పెడు వైర్లు. ఫొటోలో ఒక అమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్లు మూసుకుని తన్మయంగా పాడుతోంది. నేనూ కళ్లు మూసుకునే పాడతాను కదా అని కొనేశాను. వచ్చాక కంప్యూటరుకున్న చిన్న రంధ్రంలో గుచ్చి, ఒక పద్యం పాడి విన్నాను. పెనం మీద ఎవరో ఆగకుండా అట్లు పోస్తున్నారు. ఆ చుయ్యిమనే చప్పుడు వెనకాల ఎక్కడో ఒక ముసలాయన పద్యం పాడుతున్నాడు.

ఆ ముసలాయన గొంతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టుగా ఉంది. "ఇది నా గొంతేనా? మైకు పాడుచేసింది" అన్నాను. మా ఆవిడ వత్తులు చేసుకుంటూ తల ఎత్తకుండానే, "మీ గొంతు నలభై ఏళ్లుగా అలాగే ఉంది" అంది.

ఆవిడ మాట శాస్త్రానికి కూడా సరిపోతుంది. మన గొంతు మనకు గాలిలోంచి మాత్రమే వినిపించదు, పుర్రె ఎముకల్లోంచి కూడా చెవికి చేరుతుంది. ఆ దారిలో మంద్రస్థాయి బాగా వస్తుంది కాబట్టి మన గొంతు మనకెప్పుడూ కాస్త గంభీరంగా తోస్తుంది. లోకానికి ఆ ఎముకల దారి లేదు. నేను ముప్పై నాలుగేళ్లు నాగయ్యగారిలా చదువుతున్నాననుకున్న పద్యాలను పిల్లలు ఎవరి గొంతులో విన్నారో అరవై ఎనిమిదో ఏట తెలిసింది. ఎంత ఖరీదైన మైకు కొన్నా ఆ ఎముకల గాంభీర్యాన్ని తిరిగి తెచ్చిపెట్టదు. ఒక ఆశ అక్కడితో పోయింది.

మా తెనాలిలో స్టేషనుకు దగ్గరలో నా పాత శిష్యుడొకడు మైకుసెట్టు దుకాణం నడుపుతున్నాడు. వాళ్ల నాన్న కాలం నుంచి అదే వ్యాపారం. మా ఊళ్లో నాటకాలకు కొదవలేదు కాబట్టి వాడు పుట్టిందే మైకుల మధ్య. తెలుగులో మాత్రం ఎప్పుడూ నలభై మార్కులు దాటినవాడు కాదు.

"కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా మాస్టారూ!" అంటూ కుర్చీ తుడిచాడు.

"తక్కువలో మంచి మైకు ఒకటి చూపించరా."

"మైకుదేముంది, చూద్దాం. ఏ గదిలో పాడతారు?"

ముందు గది అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "ఇంటికెళ్లి ఆ గదిలో కూచుని ఫోనులో రెండు నిమిషాలు రికార్డింగు పెట్టండి. పాడొద్దు, మాట్లాడొద్దు. తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని, వినపడ్డవన్నీ కాగితం మీద రాసుకుని రండి" అన్నాడు. ఒకప్పుడు వాడికి నేనిచ్చిన హోంవర్కుకు వడ్డీతో సహా బదులు తీర్చుకున్నాడు.

రాసిన జాబితా ఇప్పటికీ నా డైరీలో ఉంది. ఫ్యాను హోరు, ఆ హోరులో తిరుగుడుకొక్కసారి 'టిక్' మనే చప్పుడు. ఫ్రిజ్ గురక. ఇన్వర్టరు సన్నటి ఝుంకారం. పక్కింటి టీవీ సీరియల్లో అత్తగారు. కిటికీ చట్రం మీద పావురాలు. వీధి గేటు. చెన్నై వైపు పోయే రైలు. చివరికి నా ఊపిరి. ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో ఉంటున్నాను. ఇంత సంత జరుగుతోందని ఏనాడూ తెలియలేదు.

తెలియకపోవడంలో చెవి తప్పేమీ లేదు, అది చెవి చేసే మేలు. పేపరు చదువుకుంటుంటే "పాలు పొంగుతున్నాయి, చూడండి" అని మా ఆవిడ మూడుసార్లు అరిచినా నాకు వినపడదు. అదే అరుగు మీద ఎవరో నా పేరు గొణిగితే వినపడుతుంది. చెవి ఎంచుకుని వింటుంది. మైకుకు ఆ ఎంపిక లేదు. దాని ముందు అత్తగారూ పోతనా సమానమే. అందుకే మైకు కొనేవాడు దాని తరఫున ముందే ఎంచిపెట్టాలి. ఏది వినపడాలన్నది అందరికీ తెలిసిందే. ఏది వినపడకూడదన్నదే అసలు ప్రశ్న.

కాగితం చూసి మా శిష్యుడు నవ్వి, పాత ఇయర్‌ఫోను ఒకటి తీశాడు. దాన్ని మైకు పెట్టే రంధ్రంలో గుచ్చి, చెవిలో పెట్టుకునే బుడిపెను నోటి దగ్గర పెట్టుకుని "హలో మైక్ టెస్టింగ్" అన్నాడు. స్పీకరులో వాడి గొంతు పలికింది! పాడే వస్తువుతో వినిపించుకోవడం నేను అప్పుడే చూశాను. డైనమిక్ మైకు అంటే ఇంతేనట, తిరగేసిన స్పీకరు. పల్చటి పొర, దానికి అతికిన తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం. గొంతు తగిలితే పొర కదులుతుంది, దాంతో తీగచుట్ట కదులుతుంది, అయస్కాంతం మధ్య తీగ కదిలితే కరెంటు పుడుతుంది. బయటినుంచి కరెంటు అక్కర్లేదు. మొరటు మనిషి, కింద పడ్డా పెద్దగా పట్టించుకోదు.

రెండో జాతి కండెన్సరు. 1916లో అమెరికాలో ఇ.సి. వెంట్ అనే ఇంజనీరు తయారుచేశాడు. ఇందులో ఉల్లిపొరకన్నా పల్చటి రేకు ఒక పలక ముందు బిగించి ఉంటుంది. గాలి కాస్త కదిలినా రేకు కదులుతుంది, రెంటి మధ్య ఎడం మారుతుంది, ఆ మార్పే ధ్వనిగా నమోదవుతుంది. బరువైన తీగచుట్టను మోయక్కర్లేదు కాబట్టి సూక్ష్మాలన్నీ పట్టుకుంటుంది. దీనికి 48 వోల్టుల కరెంటు పెట్టాలి. గొంతు వచ్చే కేబులులోంచే ఆ కరెంటు ఎదురెక్కి పోతుంది. దాన్ని ఫాంటమ్ పవర్ అంటారు. మా వాడు 'దెయ్యం కరెంటు' అంటాడు. కంప్యూటరు చిన్న రంధ్రంలోంచి వచ్చేది నాలుగైదు వోల్టులకు మించదు. నా వెయ్యి రూపాయల మైకు అట్లు ఎందుకు పోసిందో కొంత అర్థమైంది. పస్తు పెట్టి పాడమంటే ఎవరైనా మూలుగుతారు.

మా వాడు మంచి కండెన్సరు ఒకటి, దాన్ని కంప్యూటరుకు కలిపే డబ్బాతో సహా, వారం రోజులకు అరువిచ్చాడు. మొదటి పద్యం వినగానే ముచ్చటేసింది. శబ్దం చివర గొంతు వదిలే గాలి కూడా ముత్యంలా పడింది. రెండో పద్యంలో పావురం పడింది. మూడో పద్యంలో పక్కింటి అత్తగారు కోడల్ని ఇంట్లోంచి గెంటేసింది. నాలుగోదానికి తలుపులన్నీ మూసి, ఫ్యాను ఆపి పాడితే, బోడిగోడల మీద నా గొంతే తిరిగి తగిలి, బావిలోంచి పాడినట్టు వచ్చింది. కండెన్సరు మా వీధి చివర పిన్నిగారి లాంటిది. ఎవరింట్లో ఏ గిన్నె కింద పడ్డా ఆవిడకు తెలుస్తుంది. డైనమిక్ కాస్త చెముడున్న తాతగారు. దగ్గరికెళ్లి చెబితే శ్రద్ధగా వింటాడు. వీధి గొడవ ఆయనకు పట్టదు. మైకు కొనడమంటే శ్రోతను ఎంచుకోవడమే. నా ఇంటి సంతకు తాతగారే దిక్కని తేలిపోయింది.

పల్లెటూరి పెళ్లి మొదలు రాజకీయ సభ దాకా అందరి చేతుల్లో కనిపించే ఐస్‌క్రీం కోను ఆకారపు మైకు ఆ తాతల కుటుంబంలోదే. ఆ రూపానికి పేరు తెచ్చిన షూర్ వారి ఎస్ఎం58 1966లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. నకిలీలూ అంతే ధారాళంగా అమ్ముడవుతున్నాయి కాబట్టి నమ్మకమైన దుకాణంలోనే కొనాలి. స్టూడియోకు ఇది తక్కువని కొందరంటారు. 'థ్రిల్లర్' ఆల్బంలో మైకేల్ జాక్సన్ గొంతు పట్టడానికి రికార్డింగు ఇంజనీరు బ్రూస్ స్వీడియన్ వాడిందీ డైనమిక్ మైకే. ఆయనకు లేని నామోషీ నాకెందుకు?

దీనికి లోపం లేదనను. కండెన్సరు పట్టిన ఆ చివరి గాలి, తంబుర తీగ మెరుపు ఇందులో కొంత తగ్గుతాయి. దీన్నుంచి వచ్చే కరెంటు బలహీనం. నాసిరకం డబ్బాతో దాన్ని పెంచబోతే మళ్లీ అట్ల చప్పుడు మొదలవుతుంది. ఊరవతల ప్రశాంతమైన ఇల్లు, పుస్తకాల బీరువాలూ పరుపులూ నిండిన గది ఉన్నవాళ్లు నిస్సంకోచంగా కండెన్సరే కొనుక్కోవచ్చు. నాది రైలుకట్ట పక్క ఇల్లు.

చివరికి కేబులుతోనూ, యూఎస్‌బీతోనూ పనిచేసే డైనమిక్ మైకు తీసుకున్నాను. తిన్నగా కంప్యూటరుకు తగిలించుకోవచ్చు, మధ్యలో డబ్బా ఖర్చు లేదు. రేపు డబ్బా కొన్నా మైకు మార్చక్కర్లేదు. మిగిలిన డబ్బుతో బరువైన స్టాండు కొనిపించాడు మా వాడు. చేత్తో పట్టుకుంటే వేళ్ల రాపిడి కూడా పద్యంలో కలుస్తుందట.

"ఎంత దూరంలో పెట్టుకోవాలిరా?"

"బెత్తెడు, మాస్టారూ. జానెడు దాటనివ్వకండి."

బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పు. అంత దగ్గరగా ఎందుకో వాడు చెప్పిన లెక్క బాగుంది. నోటికీ మైకుకీ మధ్య దూరం సగమైతే గొంతు తగిలే ఒత్తిడి రెట్టింపవుతుంది. ఫ్యానూ రైలూ మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. అవి తగ్గకపోయినా, మనం పెరుగుతాం. పైగా ఈ మైకు వినే తీరు గుండె ఆకారంలో ఉంటుంది. కార్డియాయిడ్ అన్న పేరుకు అర్థం అదే. ఎదుటివాడిని బాగా వింటుంది, వీపు వైపు దాదాపు వినదు. కాబట్టి దాని వీపు కిటికీ వైపు తిప్పాలి. ఇంకో చమత్కారం ఉంది. ఇలా ఒక వైపే వినే మైకులకు దగ్గరయ్యేకొద్దీ మంద్రం పెరుగుతుంది. బెత్తెడు దూరంలో నేను ఎస్వీ రంగారావుని, మూరెడు దూరంలో రేలంగిని. ఎముకల గాంభీర్యం పోయిందని దిగులుపడ్డవాడికి ఇది చిన్న ఊరట.

దగ్గరికెళితే ఇంకో చిక్కు వచ్చింది. భాగవతం అనే మాటలో మొదటి అక్షరానికే మైకు 'ఢభ్' మంది. మా వాడికి ఫోను చేశాను.

"మాస్టారూ, ఆరో తరగతిలో మీరేగా చెప్పారు! అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని 'బ' అనమన్నారు, తర్వాత 'భ' అనమన్నారు. రెండోదానికి చేతికి గాలి కొట్టింది కదా? ఆ గాలే ఇప్పుడు మైకుకు కొడుతోంది. మైకును కాస్త పక్కకు వంచండి, గాలి పక్కనుంచి పోతుంది, శబ్దం మాత్రం చేరుతుంది."

నేను నిర్ఘాంతపోయాను. నలభై మార్కులవాడు మహాప్రాణాన్ని బతుకుతెరువులో వాడుకుంటున్నాడు. పెదవులు కలిస్తే పుట్టే ప, బ, వాటి ఒత్తక్షరాలు ఫ, భ మైకుకు గండాలు. పెదవులు తగలని అక్షరాలతోనే నిరోష్ఠ్య కావ్యాలు రాసిన మన కవులు చేసింది వట్టి పద విన్యాసమని ఇన్నాళ్లూ అనుకున్నాను. మైకు ముందు వాళ్లే హాయిగా ఉండేవారు. పోతనకు ఆ మినహాయింపు లేదు. మా ఆవిడ అల్లికలకు వాడే చెక్క రింగులో పల్చటి నైలాను గుడ్డ బిగించి మైకుకు ముందు కట్టాను. గాలి అక్కడ చెదిరిపోతుంది, అక్షరం దాటుతుంది. ఖర్చు: ఆవిడ రెండు రోజుల అలక.

గదికి వైద్యం కూడా ఇంట్లోనే దొరికింది. కోడిగుడ్ల అట్టలు గోడలకు కొడితే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. అవి ప్రతిధ్వనిని పెద్దగా మింగవు. బరువైన బట్ట మింగుతుంది. పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు నా వెనక దండెం మీద వేశాను. మైకు వెనక కాదు, నా వెనక. ఎందుకంటే మైకు చూస్తున్నది నన్నూ, నా వెనక గోడనూ. శ్రుతి కోసం ఫోనులో తంబుర పెట్టుకుని ఒక చెవిలోనే వింటాను; బయటికి వదిలితే అదీ మైకులో పడుతుంది.

మిగిలింది ఫ్యాను. తెనాలిలో రోహిణి కార్తెలో ఫ్యాను ఆపి పాడటం తపస్సు. కానీ పద్యం నాలుగు పాదాలే. ఎంత సాగదీసినా నిమిషం, నిమిషన్నర. అంతసేపు చెమటోర్చి, ఫ్యాను వేసుకుని, మళ్లీ ఇంకో పద్యం. మన ఛందస్సు మన ఎండలను చూసుకునే పుట్టిందేమో! కరెంటు పోతే ఇంకా మంచిది. ఫ్రిజ్ ఆగుతుంది, పక్కింటి సీరియల్ ఆగుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది. కరెంటు పోతే సంతోషించే మనిషి మా వీధిలో నేనొక్కణ్ణే.

ఇన్ని సర్దుకున్నా పద్యం కుదరలేదు. మైకు పక్కన పెట్టి ఒక సంగతి ఆలోచించాను. 1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ రికార్డు ఇచ్చినప్పుడు మైకు లేదు. పెద్ద కొమ్ములోకి ముఖం పెట్టి గట్టిగా పాడాలి. ఆ గాలి విసురుకే సూది మైనం మీద గీత గీసేది. మూడు నిమిషాల పాట చివర ఆవిడ తన పేరు కూడా గట్టిగా చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, అక్కడివాళ్లకు ఎవరి పాటో తెలియాలి కదా. 1925లో విద్యుత్తుతో రికార్డు చేయడం వచ్చాకే మెల్లగా పాడేవాళ్లకు రోజులొచ్చాయి. స్టేజి మీద చివరి వరుసకు అందేలా పద్యం విసరడం ఒక విద్య. కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలను ఘంటసాల పాడిన తీరు వేరే విద్య. అక్కడ చివరి వరుస లేదు, వింటున్నది ఒక్కరే.

నా గొంతు కొమ్ము కాలంలో ఆగిపోయింది. అరవైమంది పిల్లలు, రేకుల కప్పు, పక్క తరగతిలో ఎక్కాలు. చివరి బెంచీకి అందేలా పద్యం విసరడమే నాకు తెలిసిన పద్ధతి. బెత్తెడు దూరంలో ఉన్న తాతగారి చెవిలో అలా అరిస్తే ఆయన జడుసుకోడూ? గొంతు దించడం మొదలుపెట్టాను. మనవరాలు ఒళ్లో కూచుందనుకుని పాడాను. అది నాకు కష్టంగానే కుదిరింది. ముప్పై నాలుగేళ్లలో ఒక్క పిల్లకు మాత్రమే పద్యం చెప్పిన సందర్భం నాకు గుర్తులేదు.

పదకొండోసారికి కుదిరిన రికార్డింగు పంపాను. ఆదివారం పొద్దున్నే కాల్ వచ్చింది. వెనకనుంచి మా అబ్బాయి, "బాగవతం పద్యం బాగా వచ్చింది నాన్నా" అంటున్నాడు. మనవరాలు వాడి వైపు తిరిగి, అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని, "బాగవతం కాదు డాడీ, భాగవతం" అని సరిదిద్దింది.

మైకు కొనాలనుకునేవారికి మా శిష్యుడి మాటగా ఒకటి చెబుతాను. డబ్బు తీసేముందు మీ గదిలో రెండు నిమిషాలు మౌనంగా కూచుని, ఆ మౌనాన్ని ఫోనులో రికార్డు చేసి వినండి. విన్నవన్నీ కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. దానికి పైసా ఖర్చు లేదు.